మా బడిలో ఇంటర్నేషనల్ నైట్: అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా నా అనుభవం

డాలస్‌కు ఉత్తరాన మేముంటున్న ఊళ్లో, ఎలిమెంటరీ స్కూల్ పీటీఏ (తల్లిదండ్రులు, టీచర్ల సంఘం) తరఫున ఇంటర్నేషనల్ నైట్ నేను నడిపించాను. పలు దేశాల కుటుంబాలు తమ ఆటలు, చేతిపనులు, తిండి, నాట్యాలు బడి పిల్లలకు చూపించే సాయంత్రం అది. 2025 ఫిబ్రవరి 27, గురువారం సాయంత్రం 6 నుంచి 8 వరకు జరిగింది. 600 మందికి పైగా పిల్లలున్న బడి, 19 టేబుళ్లు, 8 ప్రదర్శనలు. అమెరికాలో మనవాళ్లు ఎక్కువగా ఉన్న ఊళ్లలో ఈ పని ఏదో ఒక ఏడు తెలుగువాళ్ల చేతికి వస్తూనే ఉంది. వచ్చినప్పుడు రోజులు ఎక్కడ పోతాయో, డబ్బు ఎక్కడ పోతుందో, మనసు నొచ్చుకునే మాటలు ఎక్కడ వస్తాయో ముందే తెలిస్తే సగం భారం తగ్గుతుంది. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పీటీఏ మీటింగు అక్టోబరు 8న. ఆ రోజు తేల్చాల్సింది తేదీ ఒక్కటే. మిగతా అన్నిటికన్నా దానికే ఎక్కువసేపు పట్టింది. శుక్రవారం సాయంత్రమైతే మర్నాడు బడి ఉండదు, అందరికీ వీలు అనుకుంటాం. కానీ యూదు కుటుంబాలకు శుక్రవారం పొద్దుగూకగానే షబ్బత్ అనే విశ్రాంతి దినం మొదలవుతుంది, పాటించేవాళ్లు రాలేరు. కాబట్టి గురువారం. జనవరి 29 చైనా, వియత్నాం, కొరియా వాళ్ల కొత్త సంవత్సరం. ఆ వారం వాళ్ల ఇళ్లలోనే చుట్టాలు, భోజనాలు. ఫిబ్రవరి రెండో వారం వాలెంటైన్ పార్టీలు, టీచర్లకు ఊపిరాడదు. మార్చి 1న రంజాన్ తొలి ఉపవాసం. సాయంత్రం 6 గంటలకు తిండి టేబుళ్లు పరిస్తే, సూర్యాస్తమయం కోసం చూసే కుటుంబాలు ఆ పక్కనే ఆకలితో నిలబడాలి. ఆ తర్వాత స్ప్రింగ్ బ్రేక్, ఏప్రిల్లో టెక్సాస్ రాష్ట్ర స్టార్ పరీక్షలు. ఇవన్నీ తీసేస్తే ఫిబ్రవరి 27 మిగిలింది. దానికి ముందు రోజు మహాశివరాత్రి. ఉపవాసం, జాగరణ చేసేవాళ్లు మాలో చాలామంది ఉన్నారు కాబట్టి, ఇండియా టేబుల్ సామాను మొత్తం మంగళవారానికే అట్టపెట్టెల్లో సర్దాలని అప్పుడే రాసుకున్నాం. తేదీ పెట్టే ముందు ఇన్ని పండగలు ఒక కాగితం మీద వేసి చూడటమే అసలు పనికి మొదటి మెట్టు. ఒక కుటుంబం రాలేని రోజున పెట్టి, వాళ్ల సంస్కృతిని గౌరవిస్తున్నాం అని చెప్పుకోలేం.

బడి స్థలం వాడుకోవడానికి ఫారం అక్టోబరు 10న పెడితే నెలాఖరుకు ఆమోదం వచ్చింది. అందులో రెండు సంగతులు కొత్తగా తెలిశాయి. బడి వేళలు దాటాక కస్టోడియన్ (బడి శుభ్రత, తాళాలు చూసుకునే ఉద్యోగి) ఉండాలి, ఆ గంటల జీతం పీటీఏ కట్టాలి: గంటకు 45 డాలర్లు, సర్దుడుతో కలిపి 4 గంటలు. రెండోది, కెఫెటేరియా దొరకదు. బడి వదిలాక పిల్లల్ని ఉంచుకునే ఆఫ్టర్ స్కూల్ వాళ్లు 6 దాకా అక్కడే ఉంటారు. కాబట్టి టేబుళ్లు, ప్రదర్శనలు జిమ్‌లో, తిండి బయటి కారిడార్లో. ఇది అక్టోబరులోనే తెలియడం మేలైంది. ఫిబ్రవరిలో తెలిస్తే గీసుకున్న ప్లాను మొత్తం తిరగరాయాలి.

వాలంటీర్ల బ్యాక్‌గ్రౌండ్ చెక్ (నేరచరిత్ర పరిశీలన) గురించి గట్టిగా చెప్పాలి. మా స్కూల్ డిస్ట్రిక్ట్‌లో ప్రతి బడి సంవత్సరానికీ కొత్తగా చేయించుకోవాలి. కొందరికి మూడు రోజుల్లో వచ్చింది, కొందరికి రెండు వారాలు దాటింది. ఆలస్యమైన వాళ్లలో మనవాళ్లే ఎక్కువ, కారణం పేర్లు. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు, పేరు కలిపి ఒకే గడిలో ఉంటే వీసా మీద పేరు గడిలో ఎఫ్‌ఎన్‌యూ (పేరు తెలియదు) అని పడుతుంది. అదే డ్రైవింగ్ లైసెన్సు మీదకీ ఎక్కుతుంది. ఫారంలో మామూలుగా పిలిచే పేరు రాస్తే రెండూ కలవవు, దరఖాస్తు పక్కకు పోతుంది. లైసెన్సు మీద అచ్చులో ఎలా ఉందో అలాగే, ఎంత వింతగా ఉన్నా సరే, రాయాలి. ఇండియా నుంచి విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మమ్మలు, తాతయ్యల దరఖాస్తును మా సిస్టమ్ అసలు తీసుకోలేదు. ఆఫీసులో అడిగితే, పాస్‌పోర్ట్ చూపించి అతిథిగా రావచ్చు, వాలంటీరు బ్యాడ్జీ ఉన్న ఒకరు పక్కనుంటే టేబుల్ దగ్గర కూర్చోవచ్చు అన్నారు. ముగ్గు వేసే చేతులు, పాత ఆటలు తెలిసినవాళ్లు వాళ్లే కదా. వాళ్లు లేకుండా ఆ సాయంత్రం వెలితిగా ఉండేది.

నవంబరు 4న ఇళ్లన్నిటికీ ఈమెయిల్ వెళ్లింది: "మీ దేశం తరఫున టేబుల్ పెడతారా?" వారం తిరిగేసరికి వచ్చిన జవాబులు ఏడు. అందులో నాలుగు ఇండియా. ఆ వారం దిగులుగానే గడిచింది. తర్వాత సాయంత్రాలు పిల్లల్ని ఎక్కించుకునే చోట నిలబడి మాట్లాడితే అర్థమైంది: దేశం తరఫున అనగానే జనం బెదురుతున్నారు. బడిలో ఒకే ఒక్క ఇథియోపియా కుటుంబం ఉంది. ఒక దేశం మొత్తాన్ని తమ భుజాల మీద ఎత్తుకోవాలా అని ఆ తల్లి భయం. అందుకని అడిగే తీరు మార్చాం: "మీ ఇంట్లో పెద్దలు పిల్లలకు చేత్తో నేర్పే పని ఏదైనా ఉందా? నాలుగైదు నిమిషాల్లో అయ్యేది?" ఈ ప్రశ్నకు దాదాపు అందరి దగ్గరా జవాబు ఉంది. అదే ప్రశ్న స్పానిష్, వియత్నామీస్, కొరియన్, అరబిక్‌లలో ఆ భాష తల్లులే రాసి వాళ్ల వాళ్ల గ్రూపుల్లో పెట్టారు. డిసెంబరు సెలవుల ముందుకే పద్నాలుగు, జనవరి 24 నాటికి 19 టేబుళ్లు ఖాయమయ్యాయి.

ఈ ప్రశ్న వల్ల ఇంకో మేలు జరిగింది. జెండా, రాజధాని, జనాభా, కరెన్సీ రాసిన పోస్టర్ బోర్డుల దగ్గర పిల్లలు ఆగరు. చేతిలోని ఆట పాస్‌పోర్ట్ పుస్తకంలో స్టాంపు వేయించుకుని పరిగెత్తుతారు. చేతికి పని ఉన్నచోట కదలరు. నేను చూసినంతలో ఇందులో తేడా ఏ టేబుల్ దగ్గరా రాలేదు. అందుకే బోర్డు మీద అంకెలు వద్దు, మీ ఇంటి ఫొటోలు నాలుగు, ఒక్కోదాని కింద ఒక వాక్యం చాలన్నాం.

నాలుగో తరగతి పాప ఒకతి సైనప్ కాగితం చూసి "నాది ఏ టేబుల్?" అని అడిగింది. వాళ్లవి తరతరాలుగా టెక్సాస్‌లోనే ఉన్న కుటుంబాలు. ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. బయటి నుంచి వచ్చినవాళ్లకే సంస్కృతి ఉన్నట్టు, ఇక్కడే పుట్టి పెరిగిన నల్లజాతి, తెల్లజాతి పిల్లలకు ఏమీ లేనట్టు ఆ కాగితం చెబుతోంది. మర్నాడే టెక్సాస్ టేబుల్ చేర్చాం. ఒక కుటుంబం నాయనమ్మ చేతి క్విల్టు తెచ్చింది. క్విల్టు అంటే మన బొంతకు దగ్గరి చుట్టం, కాకపోతే గుడ్డముక్కలు లెక్కగా కత్తిరించి నమూనాగా కుడతారు. పిల్లల చేత రంగు కాగితం చతురస్రాలు, త్రికోణాలు అంటించి ఒక గడి చేయించి, అన్నిటినీ గోడకు పక్కపక్కన తగిలించారు. అమ్మది ఒక దేశం, నాన్నది ఇంకో దేశం అయిన పిల్లల్ని ఏదో ఒకటి ఎంచుకోమనకూడదు. వాళ్ల పేరు రెండు చోట్లా రాశాం.

పటాల గొడవ ముందే తెంపేసుకోండి. ఇక్కడ అచ్చయ్యే పటాల్లో కశ్మీరు సరిహద్దు ఇండియాలో మనం చూసే పటంలోలా ఉండదు. ఇండియా, పాకిస్తాన్ కుటుంబాలు రెండూ ఒకే జిమ్‌లో ఉంటాయి. చైనా, తైవాన్ సంగతీ అంతే. మేము దేశ పటాలు ఏ టేబుల్ మీదా వద్దని ముందే రాసిచ్చాం. ద్వారం దగ్గర సరిహద్దు గీతలు లేని ప్రపంచ పటం ఒకటే పెట్టి, ఇంట్లోవాళ్లు పుట్టిన ఊళ్ల మీద పిల్లలు గుండుసూదులు గుచ్చేలా చేశాం. ఊరి మీద తగువు రాదు. విజయవాడ, వరంగల్ చుట్టుపక్కల సూదులకు చోటు చాలలేదు.

ఇక ఇండియా టేబుల్. దేశానికి ఒక టేబుల్ అని మొదట పెట్టుకున్న నియమం, అది ఆరడుగులు. తెలుగు, తమిళం, గుజరాతీ, మలయాళం, పంజాబీ కుటుంబాలు కలిపి ముప్పైకి పైగా. మనలో మనకే బతుకమ్మ పెట్టాలా, గొబ్బెమ్మలు పెట్టాలా అని చర్చ. రాష్ట్రాలవారీగా పంచితే ఒక్కొక్కరికి జానెడు చోటు వస్తుంది, పేరు రాసిన చీటీ తప్ప ఇంకేమీ పట్టదు. పనులవారీగా పంచితే కుదిరింది: ముగ్గు ఒకటి, కలంకారీ అచ్చులు ఒకటి, పేర్లు రాయడం ఒకటి. చివరికి రెండు టేబుళ్లు ఎల్ ఆకారంలో వేసుకుని, వాటి వెనక అన్ని రాష్ట్రాలవాళ్లూ అరగంట చొప్పున నిలబడ్డారు. బతుకమ్మ నేను వద్దన్నాను, ఇష్టం లేక కాదు. అది తంగేడు, గునుగు పూసే రోజుల పండగ. ఫిబ్రవరిలో దుకాణం చామంతులతో పేర్చి, గౌరమ్మను పెట్టకుండా చూపిస్తే చూసేవాళ్లకు పూలగుట్టే కనబడుతుంది. ప్రభుత్వ బడిలో ఒక మతం గురించి చెప్పవచ్చు, పూజ చేయించకూడదు. దీనికి కట్టుబడే విగ్రహాలు, హారతి లేకుండా చూసుకున్నాం. మంట ఏ రూపంలోనూ కూడదు కాబట్టి దీపాలు బ్యాటరీవి. ఇథియోపియా కాఫీకి బొగ్గుల కుంపటి కూడా ఈ కారణంగానే కుదరలేదు. ఆ తల్లి ఇంట్లో వేయించిన గింజలు సీసాలో తెచ్చి, మూత తీసి పిల్లల చేత వాసన చూపించి, నల్లమట్టి జెబెనా కూజాలోంచి ఖాళీ సినీ కప్పుల్లోకి ఎలా పోస్తారో చేసి చూపింది. వాళ్లు కాఫీతో పాప్‌కార్న్ పెడతారట. ఆ రాత్రి మొత్తానికి ఎవరికీ పడకపోవడమన్న భయం అతి తక్కువగా ఉన్న తిండి అదే.

ముగ్గు నేల మీద వేస్తామంటే కస్టోడియన్ ససేమిరా అన్నాడు. ఆయన మాట నిజం. జిమ్ నేల పాలిష్ చేసిన చెక్క, సుద్దపొడి పడితే జారుతుంది, ఆ పొడి పాలిష్‌లో ఇరుక్కుంటుంది. అందుకని 12 అంగుళాల నల్ల కార్డు కాగితాలు తీసుకుని, సందు చుక్కలు 3, 4, 5, 4, 3 వరుసల్లో తెల్ల పెయింట్ పెన్నుతో ముందే పెట్టి ఉంచాం. మొత్తం 19 చుక్కలు. నడిమి చుక్క నుంచి చుట్టూ ఉన్న ఆరు చుక్కలకు రేకులు గీస్తే పువ్వు వస్తుంది. కిండర్‌గార్టెన్ పిల్లలకు అంతవరకు చాలు. పెద్దపిల్లలు బయటి చుక్కలను కలిపి ఆరు మూలల నక్షత్రం దాకా వెళ్లారు. తెల్ల క్రేయాన్ నల్ల కాగితం మీద సరిగా కనబడదు, జెల్ పెన్ను చిన్నపిల్లలు గట్టిగా నొక్కితే ఆగిపోతుంది. సుద్ద మార్కర్లు బాగా పనిచేశాయి, కాకపోతే వాడే ముందు ఊపి, మొన నొక్కి సిరా దింపాలి. ఆ పని పిల్లలకు ఇవ్వకుండా ఒక పెద్దవాళ్లు చూసుకుంటే కాగితం మీద మరకలు పడవు. మా అమ్మమ్మగారొకరు చుక్క చుట్టూ మెలిక తిప్పే ముగ్గు వేస్తుంటే, గీత ఎక్కడ మొదలైందో మళ్లీ అక్కడికే వచ్చి కలవడం చూసి అయిదో తరగతి పిల్లలు అక్కడే కూలబడ్డారు. ఆవిడకు ఇంగ్లిషు రాదు. అవసరం రాలేదు.

కలంకారీ అంటే ఇక్కడ మచిలీపట్నం పద్ధతి, చెక్క అచ్చులతో అద్దేది. శ్రీకాళహస్తి కలం పని ఇంత గుంపులో అయ్యేది కాదు. వెడల్పు పళ్లెంలో తడి స్పాంజి పరిచి దాని మీద కడిగితే పోయే టెంపెరా రంగు చెంచాతో రాశాం. అచ్చును రంగులో ముంచితే గాళ్లు పూడి ముద్దగా పడుతుంది. స్పాంజి మీద రెండుసార్లు తట్టి, కాగితం మీద నిలువుగా పెట్టి అరచేత్తో నొక్కి, కదపకుండా ఎత్తాలి. పదిహేను, ఇరవై అచ్చులకోసారి పాత టూత్‌బ్రష్‌తో గాళ్లు తోమాలి. రెండంగుళాల వెడల్పు బుక్‌మార్కులే ఎంచుకోండి. పెద్ద కాగితాలైతే ఆరేచోటు ఉండదు, తడి రంగు పట్టు పరికిణీలకు అంటుకుంటుంది.

మెహందీ అందరూ అడిగారు, పెట్టలేదు. ఎఫ్‌డీఏ (అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ) హెన్నాను జుట్టు రంగుగా తప్ప చర్మం మీద వాడటానికి ఆమోదించలేదు. నల్ల హెన్నా పేరుతో వచ్చే కోన్లలో పీపీడీ అనే రసాయనం కలుపుతారు, దానికి కొందరి చర్మం పొక్కుతుంది. అసలైన గోరింటాకు కూడా జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న పిల్లలకు ప్రమాదమే, ఎర్ర రక్తకణాలు విరిగిపోవచ్చు. ఎవరికి ఆ లోపం ఉందో గుంపులో మనకు తెలియదు. పిల్లలు కాగితం మీద తమ చెయ్యి పెట్టి చుట్టూ గీసుకుని, దాని లోపల గోధుమరంగు స్కెచ్‌పెన్నుతో డిజైను వేసుకున్నారు.

తిండి సంగతి జనవరి మొదటి వారంలోనే తేల్చుకోవాలి. మా డిస్ట్రిక్ట్‌లో ఇంటి వంట కుదరదు. సీలు తీయని ప్యాకెట్లు, పదార్థాల జాబితా కనబడేలా ఉండాలి. అమెరికాలో లేబుల్ మీద తప్పక చెప్పాల్సిన ఎలర్జీ పదార్థాలు తొమ్మిది: పాలు, గుడ్లు, చేపలు, రొయ్యలు పీతల జాతి, చెట్టు గింజలు, వేరుశనగ, గోధుమ, సోయా, నువ్వులు. నువ్వులు 2023 జనవరి 1 నుంచి చేరాయి, కాబట్టి మన జంతికలు, అరిసెలు, నువ్వుండలు అక్కడే ఆగిపోతాయి. బియ్యప్పిండి కదా గోధుమ పడనివాళ్లూ తినొచ్చు అనుకుని మురుకుల ప్యాకెట్ పెట్టకండి. అందులో ఇంగువ ఉంటుంది, మార్కెట్‌లో దొరికే ఇంగువలో చాలావరకు గోధుమపిండి కలుపుతారు. లేబుల్ చివరి వరుస దాకా చదివితేనే కనబడుతుంది. కొబ్బరిని 2025 జనవరిలో ఎఫ్‌డీఏ చెట్టు గింజల జాబితాలోంచి తీసింది, పాత ప్యాకెట్ల మీద మాత్రం అప్పటికింకా అలాగే ఉంది. జిగురు మిఠాయిలు, మార్ష్‌మాలోల్లో జెలటిన్ ఉంటుంది. శాకాహారులకూ, హలాల్ చూసుకునేవాళ్లకూ అది కుదరదు. చివరికి ఇండియా తరఫున అరటికాయ చిప్స్ పెట్టాం. రెండు ఔన్సుల కాగితం కప్పుల్లో, ప్రతి పదార్థం ముందు దాని లేబుల్ ఫొటో పెద్దదిగా అచ్చువేసి నిలబెట్టాం. ఒక తండ్రి ఆ ఫొటోలన్నీ చదివి, తన కొడుకుతో "ఈ మూడూ నువ్వు తినొచ్చు" అని చెప్పడం విన్నాను. ఆ అచ్చు ఖర్చు మీద పీటీఏలో జరిగిన వాదన అక్కడితో మర్చిపోయాను.

నర్సు సాయంత్రం ఉండరు. క్లినిక్‌కు తాళం పడుతుంది, పగలు పిల్లల కోసం అక్కడ ఉంచే ఎపిపెన్లు (తీవ్రమైన ఎలర్జీకి వేసే ఇంజెక్షన్లు) ఆ తాళం లోపలే ఉంటాయి. ఎలర్జీ ఉన్న పిల్లలకు తల్లిదండ్రులే మందు వెంట తెచ్చుకోవాలని ఆహ్వానంలో మొదటి వరుసలోనే రాయించండి. ఈ మాట మాకెవరూ చెప్పలేదు, ఫారం నింపుతూ నర్సును వేరే సంగతి అడిగితే తెలిసింది.

ఇప్పుడు గచ్చకాయల గురించి. నైజీరియా తల్లి ఒకామె అయో బోర్డు తెస్తానన్నారు. చెక్కలో 12 గుంటలు, గుంటకు 4 చొప్పున 48 గింజలు. జనవరిలో ప్లాను కోసం కలిసినప్పుడు ఆవిడ సంచి విప్పారు. బూడిదరంగులో నున్నగా, గట్టిగా గింజలు. మా పక్కింటి అమ్మమ్మగారు ఒకటి చేతిలోకి తీసుకుని "ఇవి గచ్చకాయలు కదుటమ్మా!" అన్నారు. అవును, అవే. ఇక్కడ మన వామనగుంటలు, అక్కడ వాళ్ల అయో. మనకు గుంటలు 14, వాళ్లకు 12. గుంటలోవి తీసి ఒక్కొక్కటిగా పంచుకుంటూ పోవడం రెండిట్లో ఒకటే. ఫిలిప్పీన్స్ కుటుంబాన్ని అడిగితే వాళ్ల సుంగ్కా కూడా ఇదే, వరుసకు 7 గుంటలు, చివర్లలో రెండు పెద్ద గుంటలు. అప్పటికప్పుడు మూడు దేశాల టేబుళ్లలోంచి ఈ ఆటను తీసి ఒకే పొడవాటి టేబుల్ చేశాం. దానికి దేశం పేరు లేదు, ఆట పేర్లే మూడు భాషల్లో రాశాం.

ఆ టేబుల్‌కు పెద్ద ఖర్చు లేదు. 12 గుడ్ల అట్టపెట్టె తెరిస్తే అయో బోర్డు సిద్ధం. వామనగుంటలకు ఇంకో పెట్టెలోంచి రెండు గుంటలు కత్తిరించి ఒక చివర అంటించాలి. గుడ్లు ఎలర్జీ జాబితాలో ఉన్నాయి కాబట్టి వాడిన పెట్టెలు వద్దు, క్రాఫ్టు దుకాణంలో కొత్తవి దొరుకుతాయి. గింజలకు బదులు పూలకుండీల్లో వేసే చదునైన గాజుబిళ్లలు వాడాం, గుండ్రటివైతే నేల మీద దొర్లి జనం జారుతారు. వెంట వచ్చే పసివాళ్లు నోట్లో పెట్టుకోకుండా ఒక మనిషి దానికోసమే ఉండాలి. పూర్తి ఆట గుంపులో అవ్వదు. గుంటకు రెండే బిళ్లలు పెట్టి, ఇద్దరూ మూడేసి ఎత్తులు ఆడాక లెక్కపెట్టుకోమన్నాం, నాలుగు నిమిషాల్లో అయిపోయింది. ఆ సాయంత్రం 8 దాటాక కూడా ఖాళీ కాని టేబుల్ ఇదొక్కటే. వచ్చే ఏడు ఇలాంటి ఉమ్మడి టేబుళ్లు ఇంకొన్ని పెట్టాలని నా కోరిక: బొంగరాలు, ఊయల పాటలు, గవ్వలతో ఆడేవి. పిల్లలు ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పరిగెత్తి చూసేదానికన్నా, ఒక ఆట ఎన్ని ఇళ్లలో ఉందో చూడటం ఎక్కువ గుర్తుంటుంది.

పేర్లు రాసే టేబుల్‌కు క్యూ ఎంత వస్తుందో ముందే ఊహించుకోండి. తెలుగు, హిందీ, తమిళం ఒక దగ్గర, కొరియన్, అరబిక్, అమ్హారిక్ వాళ్ల వాళ్ల చోట్ల. ఒక్కో పేరుకు నిమిషం పడుతుంది, కానీ పిల్ల పేరు అడిగి వినడానికే సగం సమయం. ఛాతీ మీది బ్యాడ్జీ చూసి రాయకండి, నోటితో పలకమని అడిగి, విన్నట్టు రాయండి. స్పెల్లింగ్ జె తో మొదలయ్యే స్పానిష్ పేరును "వాకీన్" అని పలికితే మనం రాయాల్సింది వాతోనే. రాసిన కార్డు వెనక ఒక్కో అక్షరం ఏ శబ్దమో చిన్నగా ఇంగ్లిషులో రాసిస్తే, ఇంటికెళ్లి వాళ్లే చదువుకుంటారు.

ప్రదర్శనలకు ఒక్కొక్కరికి మూడు నిమిషాలు, ఫిబ్రవరి 14 లోపు పాట ఫైలు ఇవ్వాలి అన్నాం. బడి వైఫైలో యూట్యూబ్ రాదు. పాటలన్నీ ఒక లాప్‌టాప్‌లోకి, పెన్‌డ్రైవ్‌లోకి దింపి, వరుస సంఖ్య పెట్టాం. కోలాటానికి జంటల మధ్య రెండు చేతులు చాచినంత దూరం కావాలి, కాబట్టి పిల్లలు ఎనిమిది మందే, స్టేజీ కాకుండా జిమ్ నడుమ. టినిక్లింగ్ అనే ఫిలిప్పీన్స్ గడల నృత్యానికి వెదురు గడల బదులు వెడల్పు ఎలాస్టిక్ పట్టీలు వాడారు, చీలమండలు బతికాయి. సింహ నృత్యం బృందం బయటివాళ్లు, 300 డాలర్లు. వాళ్ల ఇన్సూరెన్సు పత్రం డిస్ట్రిక్ట్‌కు పంపి ఆమోదం రావడానికి మూడు వారాలు పట్టింది. ఫిబ్రవరి రెండో వారంలో పిలిచి ఉంటే అందేది కాదు. పెద్ద శబ్దం పడని పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు, అందుకని మొదటి అరగంట మైకు లేదు, డప్పులు లేవు. ఆ అరగంటలోనే వచ్చి హాయిగా అన్నీ చూసి వెళ్లిన కుటుంబాలు కొన్ని ఉన్నాయి. వాళ్లలో ఒక తల్లి, ఇన్నేళ్లలో ఈ కార్యక్రమానికి రాగలగడం ఇదే మొదటిసారి అన్నారు. దాని కోసం మాకు పైసా ఖర్చు కాలేదు.

బట్టల విషయంలో ఒకటే మాట రాశాం: మీ ఇంటి బట్టలు వేసుకోండి, లేదా మామూలు బట్టల్లో రండి. వేడుక పేరుతో వేరేవాళ్ల బట్టలు కొని వేషంలా వేసుకు రావద్దని చెప్పడం కొంత ఇబ్బందిగానే ఉంది. కానీ నైజీరియా తల్లి తన గెలే గుడ్డతో అడిగినవాళ్లకు తలపాగా కట్టి, ఎలా మడవాలో నేర్పినప్పుడు ఆ తేడా అందరికీ కనబడింది. జిమ్‌లో బూట్లు తప్పనిసరి. పట్టు పరికిణీ అంచు రెండంగుళాలు పైకి కుట్టించండి, లేకపోతే బూటు కింద పడి చిరుగుతుంది.

పాస్‌పోర్ట్ పుస్తకాలు 500 వేయించాం, రెండు కాగితాలు మడిచి ఎనిమిది పేజీలు. పని చేశాకే స్టాంపు అని ప్రతి టేబుల్‌కూ గట్టిగా చెప్పాలి. మొదటి పది నిమిషాల్లో పిల్లలు స్టాంపు కోసం చెయ్యి చాచారు, ఆ తర్వాత వాళ్లకే అలవాటైంది. అన్నీ నింపినవాళ్లకు బహుమతి అని పెట్టలేదు. పెడితే మళ్లీ పరుగులే.

మొత్తం ఖర్చు 850 డాలర్లు: కస్టోడియన్ 180, సింహ నృత్యం 300, పాస్‌పోర్టులు, లేబుల్ అచ్చులు 95, కప్పులు, న్యాప్‌కిన్లు 70, అన్ని టేబుళ్ల క్రాఫ్టు సామాను 165, టేపు, కరెంటు వైర్లు 40. పీటీఏ ఇచ్చింది 900. కొనేటప్పుడే పీటీఏ పన్ను మినహాయింపు ఫారం దుకాణంలో చూపించాలి. చూపకపోతే పన్ను 8.25 శాతం మన జేబులోదే, తర్వాత రశీదు పెట్టినా ఆ భాగం తిరిగి రాదు. ఇండియా టేబుల్‌కు నలుగురైదుగురం కలిసి పంచుకుంటాం కాబట్టి భారం తెలియదు. ఒక్క కుటుంబమే నడిపే టేబుల్‌కు క్రాఫ్టు సామాను పీటీఏయే కొనిపెట్టాలి, అడగకముందే.

గోడలకు నీలిరంగు పెయింటర్ టేపు తప్ప వేరేది వాడలేదు, ఊడదీస్తే రంగు లేవలేదు. 8:10కి మైకులో అందరికీ చెప్పి టేబుళ్లు మడవడం మొదలుపెట్టాం, 8:50కి తాళం. సుద్ద మార్కర్లు, అచ్చులు, గుడ్ల పెట్టె బోర్డులు మూడు మూతపెట్టెల్లో సర్ది, పైన జాబితా అంటించి పీటీఏ అల్మరాలో ఉంచాం.

2026లో చాంద్రమాన కొత్త సంవత్సరం ఫిబ్రవరి 17న, రంజాన్ దాదాపు ఆ మర్నాటి నుంచి. ఈసారిలా ఫిబ్రవరి చివర కుదరదు. ఫిబ్రవరి 5 గురువారానికి జిమ్ కావాలని ఫారం నింపి ఆఫీసులో ఇచ్చాను. మంచు పడి బడి మూస్తే ఎలా అని రెండో తేదీ కూడా రాయమన్నారు, 12 రాశాను.